తీరిక వేళల నూలు

గుంటూరులో కాపురముంటూ స్వెటర్లు అల్లే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. వేసవిలో 45 డిగ్రీలు చూసే ఊరు ఇది. ఇక రెంటచింతల సంగతి చెప్పక్కర్లేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాములకి ఒక పాత దుప్పటి చాలు. అయినా నలభై ఏళ్ళుగా అల్లుతూనే ఉన్నాను. "ఎవరికండీ ఇవన్నీ?" అని అడిగితే జవాబుంది. ముందు ఢిల్లీలో చదువుకున్న తమ్ముడికి, తర్వాత మిషిగన్‌లో ఉన్న అమ్మాయికి, ఇప్పుడు దాని పిల్లలకి. మా జిల్లాల పిల్లలు చలిదేశాల దారి పట్టాక ఇక్కడి తల్లుల సూట్‌కేసుల్లో గోంగూర పచ్చడి, కారం పొట్లాల పక్కన ఊలు కూడా చోటు సంపాదించుకుంది. నాకు జవాబు తోచనిది ఇంకో మాటకి. చేతిలో సూదులు కనబడగానే, తెలిసినవాళ్ళయినా కానివాళ్ళయినా అనే మాట: "మీకు తీరిక బాగా ఉన్నట్టుందండీ."

స్టాఫ్ రూములో పేపరు ముందేసుకుని గంటసేపు రాజకీయాలు మాట్లాడే మగ లెక్చరర్లని ఎవరూ ఆ మాట అనలేదు. జవాబు పత్రాలు దిద్దుతూ మధ్యలో రెండు వరసలు అల్లుకునే మా ఇద్దరు ముగ్గురినే అనేవారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఈ "తీరిక" ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెనక్కి వెళ్ళి చూడడం మొదలుపెట్టాను. వెళ్ళేకొద్దీ అది ఊలు దగ్గర ఆగలేదు, నూలు దగ్గరికి తీసుకెళ్ళింది. మనది ఉన్ని నేల కాదు కదా, పత్తి నేల. మన గుడ్డ మనమే తయారుచేసుకోవాలని ఈ నేల మీది ఆడవాళ్ళని పనిగట్టుకుని అడిగిన సందర్భం ఒకటుంది. అదే రాట్నం కాలం.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమై మూడు లక్ష్యాలు పెట్టుకుంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కి కోటిమంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు. నిధికి ఎవరెంత ఇచ్చారో, ఎవరు ఒంటిమీది నగలు ఒలిచి ఇచ్చారో చెప్పుకుంటాం. రాట్నాల దగ్గరికొచ్చేసరికి అంకె మాత్రమే మిగిలింది. ఇరవై లక్షల రాట్నాల ముందు ఎవరు కూర్చోవాలి? అడగాల్సిన అవసరమే లేనంత మామూలు విషయం అది.

ఆ సమావేశం కాగానే ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చాడు. అప్పటికి అది గుంటూరు జిల్లా. 1970లో ప్రకాశంలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. చీరాల, పేరాలని కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచిన ప్రభుత్వం మీద అక్కడి జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో తిరగబడ్డారు. వేలమంది ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. పన్ను కట్టనని జైలుకెళ్ళినవాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది. మనం పాఠ్యపుస్తకాల్లో రామదండు గురించి చదువుకున్నాం. పదకొండు నెలలు ఇసకలో పొయ్యి రాజేసి, ఎండకీ వానకీ పాకలో పిల్లల్ని సాకి, నీళ్ళు మోసి తెచ్చిన పని ఏ దండు చేసిందో చదువుకోలేదు. ఇల్లు వదలడం అంటే ఇంటిపని వదలడం కాదు కదా.

చీరాల నేతపని ఊరు. దానికి దగ్గర్లోనే మోటుపల్లి రేవు. పదమూడో శతాబ్దం చివర్లో ఈ తీరం గురించి రాసిన మార్కోపోలో ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని మురిసిపోయాడు, ఈ దేశాన్ని ఏలిన రాణి ఎంత వివేకవంతురాలో కూడా చెప్పాడు. రాణి కనబడింది, బట్ట కనబడింది. ఆ బట్టకి నూలు వడికిన ఆడవాళ్ళు కనబడలేదు. ఒక మగ్గం ఆగకుండా ఆడాలంటే అరడజను మంది దాకా నూలు వడుకుతూ ఉండాలి. నేత మగవాడి వృత్తిగా, కులంగా, పేరుగా నిలిచింది. వడకడానికి కులం లేదు, పేరూ లేదు. అన్ని కులాల ఇళ్ళలో ముసలమ్మలూ వితంతువులూ వడికేవారు. లాంకషైర్ మిల్లునూలు వచ్చి పందొమ్మిదో శతాబ్దంలో ఆ పని పోయినప్పుడు కూడా నేతగాళ్ళ కష్టాల గురించి రాసినంతగా ఈ ఆడవాళ్ళ కూడు పోవడం గురించి ఎవరూ రాయలేదు. "పని" అని ఒప్పుకోనిది పోతే పోయిందని ఎవరికి తెలుస్తుంది?

ఇలా పోయినదాన్నే 1921లో తిరిగి తెమ్మన్నారు. ఈసారి కూలికి కాదు, దేశానికి.

ఆ సంవత్సరం నవంబరులో ఢిల్లీలో కాంగ్రెస్ కమిటీ శాసనోల్లంఘనకి షరతులు పెట్టింది. ఏ జిల్లా అయినా, తాలూకా అయినా పన్ను కట్టం అనాలంటే అక్కడి జనంలో అత్యధికులు ఆ ప్రాంతంలోనే చేత్తో వడికి, చేత్తో నేసిన బట్ట కట్టుకుని ఉండాలి. అస్పృశ్యత పోయి ఉండాలి, హిందూ ముస్లింల ఐక్యత ఉండాలి, అహింస ఉండాలి. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పెదనందిపాడు ఫిర్కా రైతులు 1922 జనవరిలో పన్నుల నిరాకరణ మొదలుపెట్టినప్పుడు, మీ జిల్లాలో ఈ షరతులు నెరవేరాయా అన్నది గాంధీకున్న సందేహం. కొండ వెంకటప్పయ్య గారికి రాసి హెచ్చరించాడు. ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత మొత్తం ఉద్యమమే ఆగిపోయింది. చరిత్రకారులు ఇక్కడ గాంధీ సరా, గుంటూరు రైతులు సరా అని వాదించుకుంటారు. నాకు ఆ షరతు దగ్గరే చూపు ఆగిపోతుంది. భూమి పట్టా మగవాడిది. పన్ను అతనిది, ధిక్కారం అతనిది. ఆ ధిక్కారానికి అర్హత సంపాదించి పెట్టాల్సిన నూలు మాత్రం ఆమెది. ఇంటి వెనక వసారాలో ఎన్ని గజాలు పోగైతే ముందు వాకిట్లో అంత స్వరాజ్యం.

ఇంతకన్నా విడ్డూరం రెండేళ్ళ తర్వాత జరిగింది. 1924 డిసెంబరులో గాంధీ అధ్యక్షతన బెల్గాంలో జరిగిన కాంగ్రెస్, సభ్యత్వానికి నాలుగణాల చందా బదులు నూలు పెట్టింది. నెలకి రెండు వేల గజాల చొప్పున ఏడాదికి ఇరవై నాలుగు వేల గజాలు, ఎవరికి వారు వడికి ఇవ్వాలి. అయితే దానికొక వెసులుబాటు ఉంది. జబ్బు వల్ల గానీ, ఇష్టం లేకపోవడం వల్ల గానీ, అలాంటి మరో కారణం వల్ల గానీ సొంతంగా వడకలేనివారు అంతే నూలు వేరేవాళ్ళు వడికింది ఇవ్వవచ్చు. "ఇష్టం లేకపోవడం" అనే కారణాన్ని ఒక రాజకీయ తీర్మానంలో ఇంత గౌరవంగా చేర్చడం నేను మరెక్కడా చూడలేదు. రాట్నం ముందు కూర్చోవడం ఇష్టంలేని కాంగ్రెస్ సభ్యుడికి నూలు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒకటి బజారు నుంచి, లేదా భార్య నుంచి.

మా అమ్మమ్మ నుంచి వచ్చింది. పెదనందిపాడు దాపున రైతు కుటుంబం వాళ్ళది. తాతయ్య సభ్యుడు. నూలు అమ్మమ్మ వడికింది. ఈ సంగతి మా ఇంట్లో రహస్యమేం కాదు, సరదాగా చెప్పుకునే కథ. "మీ తాతయ్య రాట్నం తిప్పితే దారం కంటే తిట్లు ఎక్కువ వచ్చేవి, ఎందుకులెమ్మని నేనే కూర్చునేదాన్ని" అనేది. ఏడాది తిరక్కుండానే, 1925 సెప్టెంబరులో పాట్నాలో ఆ నిబంధన సడలించారు. నాలుగణాలైనా ఇవ్వొచ్చు, స్వయంగా వడికిన నూలైనా ఇవ్వొచ్చన్నారు. వడికేవాళ్ళు దొరకడం లేదని అర్థమైంది. ఎవరు దొరకలేదో ఆ చరిత్ర చెబుతుంది గానీ ఎవరు దొరికారో చెప్పదు.

ఇక్కడ కాస్త లెక్కలు చెప్పుకోవాలి. చదువుకున్నవాళ్ళం రాట్నాన్ని ప్రతీకగా చూడడానికి అలవాటుపడిపోయాం, గజాలుగా చూడం. ముతక ఖద్దరు చీర, ఆరు గజాల పొడవు, నలభై ఐదు అంగుళాల పన్నా అనుకుందాం. అంగుళానికి ముప్పై ఆరు పోగులు పడుగులో, ముప్పై ఆరు పేకలో. పడుగుకి పదివేల గజాల నూలు, పేకకి ఇంకో పదివేల గజాలు. మొత్తం ఇరవై వేల గజాలు, అంటే పద్దెనిమిది కిలోమీటర్ల పైన. అలవాటైన చెయ్యి గంటకి రెండొందల యాభై గజాలు వడికిందనుకుంటే ఎనభై గంటలు. ఇది రాట్నం తిరిగిన సమయం మాత్రమే. దానికి ముందు పత్తిలో గింజ తీయాలి, దూది ఏకాలి, ఏకులు చుట్టాలి. అమ్మమ్మ తరం కట్టింది ఆరు గజాలు కూడా కాదు, ఎనిమిది, తొమ్మిది గజాలు. కాంగ్రెస్ అడిగిన నెలకి రెండు వేల గజాలూ తనకోసమే దాచుకుంటే పది నెలలకి ఒక చిన్న చీర వచ్చేది.

రాట్నం రైతుకి తీరిక వేళల్లో చేసుకునే ఉపవృత్తి అని గాంధీ పదేపదే చెప్పాడు. రైతుకి ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పని ఉండదు, ఆ నాలుగు నెలల సోమరితనమే దేశ దరిద్రానికి మూలం అన్నాడు. 1925లో టాగూర్ రాట్నం మీద విమర్శ రాసినప్పుడు, అందరినీ ఒకే యాంత్రికమైన పనిలోకి దించితే మనసు మొద్దుబారుతుందన్నాడు. ఇద్దరూ మహానుభావులే. అయితే ఎవరి తీరిక గురించి మాట్లాడుతున్నామన్న ప్రశ్న ఈ వాదనలో వెనకబడిపోయింది. మా వైపు పత్తి, మిరప కోతలు అయ్యాక, మళ్ళీ తొలకరి పడేదాకా మగవాడికి రచ్చబండ ఉంది. ఆడదానికి వడ్లు దంచడం ఉంది, పిండి విసరడం ఉంది, చెరువు అడుగంటితే ఇంకో అరమైలు దూరం నడిచి నీళ్ళు తేవడం ఉంది. కారం దంచేదీ, పచ్చళ్ళు పట్టేదీ సరిగ్గా ఆ ఎండాకాలంలోనే. పని లేని నాలుగు నెలలు ఆమె క్యాలెండర్లో ఎక్కడా లేవు. తీరిక ఎక్కువై రాట్నం తిప్పలేదు ఎవరూ. నిద్రలోంచి గంట కోసి తిప్పారు.

ఇక ఆ పనిలో ఉన్న విసుగు. దీని గురించి ఉద్యమ చరిత్రలు ఏమీ చెప్పవు. త్యాగానికి విసుగు ఉండకూడదు కదా. ఏకులోంచి దారం లాగేటప్పుడు మెలి ఎక్కువైతే ముడిపడుతుంది, తక్కువైతే తెగుతుంది. ఎండ మరీ ఎక్కువైనప్పుడు దూది పెళుసెక్కి తెగుతుంది. వానాకాలం తడిగాలికి కదురు దగ్గర చుట్టుకుంటుంది. కదురు వంకర పోతే దాన్ని సరిచేసే మనిషి కోసం ఎదురుచూడాలి. ఇన్ని పడి వడికిన నూలు తీసుకెళ్తే సాలెవాడు పడుగుకి పనికిరాదనేవాడు. ఎగుడుదిగుడు నూలుకి ఎంత గంజి పెట్టినా మగ్గం మీద తెగిపోతుంది, అతని రోజు కూలి పోతుంది. అతని బాధ అతనిది. అందుకే చాలాచోట్ల పడుగుకి మిల్లునూలు, పేకకి మాత్రం చేతినూలు పెట్టి నేసేవారు. సగం ఖద్దరన్నమాట. తెగిన ఒక్కో పోగూ చేతికి గుర్తున్నవాళ్ళకి అది ఎలా ఉంటుందో ఊహించుకోవాలి.

అమ్మమ్మ నూలు సాలెవాడి దగ్గరికి వెళ్ళలేదు. ఊరి చివర మాలపల్లెలో ముతకబట్ట నేసే కుటుంబానికి వెళ్ళింది. మన పల్లెల్లో ఇళ్ళలో వడికిన నూలుని నేసి పెట్టింది చాలావరకు మాలలే. దుప్పట్లు, పంచెలు, ముతక చీరలు. నేసి తెచ్చిన చీర మీద నీళ్ళు చల్లి లోపలికి తీసుకున్నారట. ఈ మాట కూడా అమ్మమ్మ చెప్పిందే, ఎలాంటి సంకోచం లేకుండా. ఖద్దరూ, అస్పృశ్యతా నివారణా రెండూ ఒకే తీర్మానంలో పక్కపక్కనే ఉన్న షరతులు. ఒకటి మడతపెట్టి పెట్టెలో దాచుకునేది కాబట్టి నెరవేరింది. రెండోది గడప దగ్గర ఆగింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో కూర్చుని "మాలపల్లి" రాసింది కూడా ఆ 1922 ప్రాంతంలోనే. అదే ఏడు ఆయన, లక్ష్మీబాయమ్మ గారు గుంటూరులో శారదానికేతనం పెట్టి ఆడపిల్లలకి చదువుతో పాటు చేతిపని కూడా నేర్పించారు. చేతిపనిని తీరిక కాలక్షేపంగా కాక వితంతువు సొంత కాళ్ళ మీద నిలబడే దారిగా చూసినవాళ్ళు మన దగ్గర అప్పటికే ఉన్నారని దీనివల్ల తెలుస్తుంది. వాళ్ళు తక్కువమంది.

ఆ చీర గురించి కూడా చెప్పాలి. తెల్లగా, బరువుగా, తడిస్తే ఇద్దరు పిండాల్సినంత ముతకగా ఉండేది. తెల్లటి ముతకచీర అంటే మన పెద్దకులాల్లో ఎవరు కడతారో మనకి తెలుసు. పసుపుకుంకాలతో ఉన్న పడుచుపిల్ల తెల్లచీర కట్టడాన్ని అత్తగారు సహించలేదు. అంచుకి ఎర్రరంగు అద్దించాకే కట్టనిచ్చింది. స్వరాజ్యం కోసం ఏ చీర కట్టాలో గాంధీ చెప్పాడు, ఏ చీర కట్టకూడదో అత్తగారు చెప్పింది. మధ్యలో అమ్మమ్మ గంటలకొద్దీ కూర్చుని నూలు వడికింది.

మరి ఆమెకి దక్కింది ఏమీ లేదా? ఇక్కడ నేను మన స్త్రీవాద విశ్లేషణతో కూడా కాస్త గొడవపడతాను. వేతనం లేని శ్రమ, అదృశ్య శ్రమ అని పేరుపెట్టి ఊరుకుంటే అమ్మమ్మ మొహంలో నేను చూసింది అందులో ఇమడదు. తాతయ్యకిచ్చిన నూలు గురించి నవ్వుతూ చెప్పేది. సొంత చీర గురించి మాత్రం నవ్వేది కాదు. వందల దాకా లెక్కపెట్టడం చిలపలు చుట్టేటప్పుడే నేర్చుకున్నానని చెప్పేది. మధ్యాహ్నాలు నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒకచోట రాట్నాలు పెట్టుకుని కూర్చుంటే, చదవడం వచ్చిన ఒకావిడ పత్రిక చదివి వినిపించేదట. ఆడవాళ్ళు అలా గంటలకొద్దీ ఒకచోట కూర్చోవడానికి అంతకుముందు పెళ్ళో, చావో కావలసివచ్చేది. రాట్నం దానికొక మర్యాదైన సాకు ఇచ్చింది. పొలం తాతయ్యది. నగలు పుట్టింటివి, అత్తింటివి, కొన్ని నిధికి వెళ్ళిపోయాయి. ఆ చీర మొదటి పోగు నుంచీ తనది. చిరిగాక కూడా పాత గుడ్డలవాడికి వెయ్యలేదు.

అదే రాట్నం ముందు ఇంకో రకం ఆడవాళ్ళు కూడా కూర్చున్నారని మరిచిపోకూడదు. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం కింద కూలికి వడికినవాళ్ళు. రోజంతా వడికితే ఒకటి రెండు అణాలు. ఆ కూలి మరీ అన్యాయంగా ఉందని 1935లో గాంధీయే అన్నాడు. గంటకి అణా ఇవ్వాలన్నాడు. అలా ఇస్తే ఖద్దరు ధర పెరిగిపోతుంది, కొనేవాళ్ళుండరు అని సొంత మనుషులే అడ్డం చెప్పారు. చివరికి అమలుకి వచ్చింది అందులో సగం కూడా లేదు. తనకోసం వడికే అమ్మమ్మకీ, కూలికి వడికే ఆవిడకీ చేతులు ఒకేలా కదులుతాయి. ఒకరికి సంతృప్తి, ఇంకొకరికి బతుకుతెరువు. రెండింటికీ కలిపి "తీరిక వేళ పని" అని పేరు పెట్టడంతో కూలి తక్కువైనా ఫరవాలేదన్న వాదనకి వీలు దొరికింది.

ఈ వీలు ఎంత దూరం వెళ్తుందో కృష్ణ దాటి పశ్చిమగోదావరి వైపు చూస్తే తెలుస్తుంది. నరసాపురం లేసు అల్లికల మీద జర్మన్ స్త్రీవాది మరియా మీస్ 1970ల చివర్లో వచ్చి పరిశోధన చేసి 1982లో పుస్తకం ప్రచురించింది. మిషనరీ ఆడవాళ్ళు నేర్పిన క్రోషియా పని అది. పేద కాపు స్త్రీలు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లితే రూపాయి కూడా గిట్టేది కాదు. ఎగుమతిదారులు మేడలు కట్టారు. అల్లేవాళ్ళు గడప దాటరు, కాబట్టి వాళ్ళు గృహిణులు. గృహిణులు కాబట్టి అది తీరిక సమయపు పని. తీరిక సమయపు పని కాబట్టి దానికి అంత కూలి చాలు. జనాభా లెక్కలు వాళ్ళని శ్రామికులుగా చూడలేదు. పొలంలో పనిచేసే దళిత స్త్రీలకి అంతకన్నా ఎక్కువ కూలి వచ్చినా, గోషా మర్యాద కోసం ఈ స్త్రీలు దాన్ని చిన్నచూపు చూశారు. ఈ పుస్తకాన్ని మొదటిసారి చదివినప్పుడు నా ఒళ్ళో ఊలు ఉండ ఉంది. కాసేపు సూదులు ముట్టుకోబుద్ధి కాలేదు.

మా తరానికి స్వెటర్ వచ్చింది ఈ దారిలోనే. మిషన్ స్కూళ్ళ కుట్టుపని పీరియడ్, తర్వాత హోంసైన్సు, వారపత్రికల మహిళా పేజీలు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, అమెరికా ఆడవాళ్ళు సైనికులకి మేజోళ్ళు అల్లినట్టే 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు మన దేశమంతటా ఆడవాళ్ళు జవాన్లకి స్వెటర్లు అల్లారు. మా అమ్మ కూడా రెండు అల్లింది. హిమాలయం అంటే కాలెండర్లో తప్ప చూడని మనిషి. ఏ కొలతకి అల్లాలో తెలియక నాన్న చొక్కా కొలత పెట్టుకుందట. రాట్నం నాటి మాటలే మళ్ళీ వినబడ్డాయి, దేశం, త్యాగం, తీరిక.

నేను హైదరాబాదు హాస్టల్లో నేర్చుకున్నాను, 1980ల మొదట్లో. ఊలు అనేవాళ్ళం గానీ అందులో ఉన్ని ఎంతుందో దేవుడికెరుక, కాష్మిలాన్ అది. విసుగు ఇందులో కూడా తక్కువేం కాదు. మా ఊళ్ళో ఊలు దొరికేది చలికాలం రెండు నెలలే. సగం అయ్యాక ఒక ఉండ తక్కువ పడితే ఆ రంగు మళ్ళీ దొరకదు. దొరికినా ఒక ఛాయ తేడా ఉంటుంది, ఆ తేడా సరిగ్గా ఛాతీ మీద అడ్డగీతలా కనబడుతుంది. చెమట చేతులకి ఊలు సూది మీద జరగదు. అల్యూమినియం సూదులు వేళ్ళకి నల్లగా అంటుకుంటాయి. రెండు చేతులూ ఒక్కలా రావడం మరీ కష్టం. కుడిచెయ్యి అల్లిన వారం మనసు బాగుంటే వదులుగా, ఎడమచెయ్యి అల్లిన వారం ఇంట్లో గొడవైతే బిగుతుగా వస్తుంది. పెద్దవాళ్ళ స్వెటర్‌కి నలభై యాభై వేల కుట్లు పడతాయి. రాట్నం మీద అమ్మమ్మ చీరకి పట్టినంత కాకపోయినా యాభై, అరవై గంటలు. ఇంతా చేస్తే ఊలుకైన ఖర్చుకే లూధియానా మిషన్ స్వెటర్ బజార్లో దొరుకుతుంది.

ఊలుకున్న మంచి గుణం ఒకటుంది, నూలుకి లేనిది. విప్పొచ్చు. పిల్లలు ఎదిగాక స్వెటర్ విప్పి, ఊలు చిలపలుగా చుట్టి, గోరువెచ్చని నీళ్ళలో తడిపి, కింద బరువు కట్టి ఆరేస్తే వంకీలు పోతాయి. మళ్ళీ కొత్తగా అల్లుకోవచ్చు. మా అమ్మాయి ఆరో ఏట వేసుకున్న నీలం ఊలు ఇప్పుడు దాని కొడుకు టోపీ అంచులో ఉంది. నా వ్యాసాలు చాలా వాటికి ఆలోచన సూదుల దగ్గరే వచ్చింది. చేతులు పనిలో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ళు పనేం లేదా అని అడగరు. పుస్తకం పట్టుకుంటే అడుగుతారు. ఆ మాట వినకుండా ఉండడానికి కూడా నేను అల్లానేమోనని అనిపిస్తుంది.

పత్తి ఇప్పుడు మా జిల్లాల్లో ఎవరి వసారాలోకీ రాదు. 1987-88లో తెల్లదోమ పంటని ఊడ్చేసి, అప్పుల్లో రైతులు పురుగుమందు తాగినప్పుడు మిగిలిన ఆడవాళ్ళు ఆ చేలోనే కూలికి వెళ్ళడం చూశాం. 2002 తర్వాత బీటీ విత్తనం వచ్చింది. ఏరేది ఇప్పటికీ ఆడవాళ్ళే, వంగి వంగి, కాయ ముళ్ళు వేళ్ళు గీరుతుంటే. ఏరిన పత్తి జిన్నింగుకి, అక్కణ్ణుంచి చిలకలూరిపేట, గణపవరం చుట్టూ ఉన్న మిల్లులకి వెళ్తుంది. ఏరిన చెయ్యి కట్టుకునేది పాలియెస్టర్ చీర. ఉతకడం తేలిక, ఆరడం తేలిక, ధర తక్కువ. అమ్మమ్మ తొమ్మిది గజాల ముతక చీర పిండినదెవరూ దీన్ని తప్పుపట్టరు.

మిరప సీజన్లో మా వీధి చివర షెడ్డులో తొడిమెలు తీయడానికి ఆడవాళ్ళు వస్తారు. కిలోల లెక్కన కూలి. సాయంత్రానికి వేళ్ళు మండి, కళ్ళు ఎర్రబడి, చంటిపిల్లని ఎత్తుకోవడానికి కూడా భయపడతారు. కొంతమంది బస్తాలు ఇంటికి తీసుకెళ్ళి రాత్రిపూట తీస్తారు. మేస్త్రీని అడిగితే "ఖాళీగా ఉన్నప్పుడు తీసుకుంటారమ్మా" అన్నాడు. నీళ్ళకోసం మా ఇంటికొచ్చే ఒకావిడ నేను అల్లుతుంటే నిలబడి చూసి, "ఇదొకటి అల్లితే ఎంతిస్తారమ్మా?" అని అడిగింది. ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరూ అడగని ప్రశ్న. ఇద్దరం కూర్చుని లెక్కవేశాం. ఊలు ఖరీదు, అరవై గంటలు, బజారు ధర. "తొడిమెలే నయం" అంది ఆవిడ. వెళ్ళబోతూ ఆగి, కూతురికి నెలలు నిండుతున్నాయి, పసిబిడ్డకి టోపీ ఒకటి నేర్పుతావా అని అడిగింది. చేతులు శనగపిండితో రెండుసార్లు కడుక్కుని వచ్చింది, కారం ఘాటు ఊలుకి అంటితే ఓ పట్టాన పోదు. డెబ్బై కుట్లు వేసి ఇచ్చాను.